అరిజోనాలో భట్టీ, మలక్‌పేటలో ఉస్తాద్

చలి మొదలైందంటే మా మలక్‌పేట సందుల్లో రెండు పనులవాళ్లకు గిరాకీ. ఒకరు పాత రజాయిలు విప్పి, దూది ఏకి, మళ్లీ కుట్టిచ్చే దూదేకులవాళ్లు. ఇంకొకరు గీజర్లు బాగుచేసేవాళ్లు. దూదేకులవాళ్ల కమాను చప్పుడు ఏటేటా తగ్గిపోతోంది. రెడీమేడ్ బ్లాంకెట్లు వచ్చాక రజాయి కుట్టించుకునే శౌక్ ఎవరికుంది? గీజర్లవాళ్లకు మాత్రం డిసెంబర్, జనవరి రెండు నెలలు ఫుర్సత్ దొరకదు. ఫజర్ వేళ వుజూ కోసం నల్లా తిప్పితే గీజర్ వెలగదు, చల్లనీళ్లు చేతిమీద పడతాయి. అప్పుడు మొదట అల్లాహ్ గుర్తొస్తాడు, ఆ వెంటనే మెకానిక్ ఫోన్ నంబర్ గుర్తొస్తుంది.

మా ఇంటికి ఐదు నిమిషాల దూరంలో అలాంటి ఒక ఉస్తాద్ దుకాణం ఉంది. ఒకే షట్టర్. బోర్డు మీద ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు మూడూ ఉన్నాయి. ఉస్తాద్‌కు అరవై దాటాయి. చదివింది ఉర్దూ మీడియంలో ఏడో జమాత్ దాకా. మొదట కిరసనాయిలు స్టవ్‌లు బాగుచేసేవాడు. పంపు కొట్టే స్టవ్, వత్తుల స్టవ్, షాదీల్లో వెలిగించే పెట్రోమాక్స్ అన్నీ ఆయన చేతిలో నుంచి పోయినవే. తర్వాత ఇంటింటికీ గ్యాస్ వచ్చింది, ఆయనా గ్యాస్‌లోకి వచ్చాడు. నిప్పు రూపం మారినప్పుడల్లా కొత్తగా షాగిర్ద్ అయి నేర్చుకున్న మనిషి.

ఆయన తరీకా నాకు నచ్చుతుంది. పిలవగానే వచ్చి స్క్రూడ్రైవర్ తీయడు. ముందు సవాళ్లు అడుగుతాడు. "నల్లా తిప్పితే టిక్ టిక్ అంటుందా? అని వెలగడం లేదా, అననే అనడం లేదా? వెలిగి ఆరిపోతుందా? పొద్దున అట్లా చేస్తుందా, రోజంతానా?" ఈ నాలుగు సవాళ్లకు జవాబు వచ్చేసరికి సగం మరమ్మతు అయిపోయినట్టే. "పహ్‌లే పూఛో, ఫిర్ ఖోలో" అంటాడు. ముందు అడుగు, తర్వాత విప్పు. పాతికేళ్లుగా ఖబర్లు రాసి బతుకుతున్న నాకు ఇంతకన్నా మంచి సబక్ ఏ ఎడిటరూ చెప్పలేదు.

గ్యాస్ గీజర్ లోపల ఏం జరుగుతుందో ఆయన చెప్పగా విన్నది మీకూ చెప్తాను, ముందు ముందు పనికొస్తుంది. మనం నల్లా తిప్పగానే నీళ్లు గీజర్‌లోకి జోరుగా వస్తాయి. ఆ జోరుకు లోపలి రబ్బరు పొర ఉబ్బి ఒక చిన్న పిన్నును నెడుతుంది. పిన్ను ఒక స్విచ్చిని నొక్కుతుంది. అప్పుడు రెండు మోటా సెల్లుల కరెంటు లేచి టిక్ టిక్ టిక్ అని నిప్పురవ్వలు పుట్టిస్తుంది, గ్యాస్ తలుపు తెరుస్తుంది. మంట అంటుకుంటే పక్కనే ఉన్న ఒక సన్నని కడ్డీ "హా, ఆగ్ హై" అని గవాహీ ఇస్తుంది. ఆ గవాహీ కొన్ని సెకన్లలో రాకపోతే గ్యాస్ తలుపు మూసుకుంటుంది. అంటే నీళ్లు, స్విచ్చి, సెల్లు, రవ్వ, గ్యాస్, మంట, గవాహీ. ఇది ఒక సిల్‌సిలా. ఒకరి మాట వినందే ఇంకొకరు కదలరు.

ఈ సిల్‌సిలా తెలియకే మనవాళ్లు ఊరికే గీజర్‌ను తిడతారు. మా మహల్లాలో చాలా ఇళ్లలో ట్యాంకు కప్పు మీదే ఉంటుంది, పై అంతస్తు బాత్రూమ్‌కు దానికి మధ్య మనిషి ఎత్తు కూడా ఉండదు. పది మీటర్ల ఎత్తు నుంచి నీళ్లు దిగితే ఒక కిలో ప్రెషర్ వస్తుంది. మనిషి ఎత్తు నుంచి దిగే నీళ్లకు రబ్బరు పొరను ఉబ్బించే తాకత్ ఎక్కడిది? కింది అంతస్తులో బ్రహ్మాండంగా వెలిగే గీజరే పైన మొండికేస్తుంది. పైగా బోరు నీళ్లలోని సున్నం పేరుకుని లోపలి జాలీ మూసుకుపోతుంది. ఉస్తాద్ జాలీ విప్పి సిర్కాలో నానబెట్టి కడిగి ఇస్తాడు. చాలాసార్లు ఖర్చు అంతే.

ఇక అసలు సంగతి. నిరుడు డిసెంబర్ ఆఖరు వారం, పొద్దున పదకొండు కావస్తోంది. అమెరికాలో ఫీనిక్స్‌లో ఉండే మా చిన్న చెల్లె నుంచి వీడియో కాల్. వాళ్లకు అప్పుడు రాత్రి పదిన్నర. పిల్లలకు సెలవులని ఒక ఆర్‌వీ కిరాయికి తీసుకుని గ్రాండ్ క్యాన్యన్ చూడబోయారు. ఆర్‌వీ అంటే తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను, బస్సులో ఇల్లు అనుకోండి. పడకలు, పొయ్యి, ఫ్రిజ్, బాత్రూమ్ అన్నీ అందులోనే. ఫీనిక్స్‌లో డిసెంబర్ చలికి స్వెట్టర్ వేసుకుంటే సరిపోతుంది. కానీ గ్రాండ్ క్యాన్యన్ దక్షిణ అంచు ఏడు వేల అడుగుల ఎత్తున ఉంది. రాత్రిపూట అక్కడ సున్నా కంటే కిందికి పోతుంది, మంచు పడుతుంది.

వాళ్లు ఆగిన క్యాంప్‌గ్రౌండ్‌లో బండికి కరెంటు కనెక్షన్ లేదు. రాత్రి జనరేటర్ నడపకూడదని అక్కడి కాయిదా. బండిలో వెచ్చదనం కోసం ఉన్న ఫర్నేస్ వెలగడం లేదు. కిరాయికి ఇచ్చినవాళ్ల నంబర్‌కు ఫోన్ చేస్తే మ్యూజిక్ తప్ప మనిషి పలకడం లేదు. భాంజా తొమ్మిదేళ్లవాడు, భాంజీకి నాలుగు. ఇద్దరూ జాకెట్లు వేసుకుని దుప్పట్లలో ముడుచుకున్నారు. మాట్లాడుతుంటే నోట్లోంచి ఆవిరి వస్తోంది. అమ్మీ నా భుజం మీంచి ఫోన్లోకి చూసి "యా అల్లాహ్, బచ్చే" అని ఆగిపోయింది.

అప్పుడు మా బహనోయి, చాలా సమజ్‌దార్ మనిషి, ఇంజనీరు, మామూలుగా అన్నాడు: "ఫికర్ నక్కో అమ్మీ, పొయ్యి బాగానే వెలుగుతోంది. మూడు బర్నర్లూ వెలిగించి, కిటికీలు మూసుకుని పడుకుంటాం. తెల్లారేదాకా గడిచిపోతుంది."

నాకు ఒళ్లు జలదరించింది. డెస్క్ మీద పనిచేసినన్నాళ్లూ చలికాలం రాగానే నా ముందుకు వచ్చిన ఆ సింగిల్ కాలమ్ ఖబర్లన్నీ కళ్ల ముందు తిరిగాయి. మూసిన గది. లోపల బొగ్గులో, గ్యాసో. తెల్లారి ఎవరూ తలుపు తీయరు. పొయ్యి ముట్టుకోవద్దని గట్టిగా చెప్పి, ఫోన్ పట్టుకుని ఉస్తాద్ దుకాణానికి నడిచాను.

"బండిలో భట్టీ పాడైంది ఉస్తాద్" అన్నాను. ఆయన తలెత్తి చూశాడు. "గాడీ మే భట్టీ? క్యా పకాతే ఉస్‌మే?" ఏం వండుతారు అందులో అని ఆయన సందేహం.

ఆయన తప్పేం లేదు. ఫర్నేస్‌ను భట్టీ అని నేనే అన్నాను, మనకు ఇంకో మాట లేదు. ఉర్దూలో చదివి తెలుగులో డిగ్రీ చేసినవాడిని కనక రెండు భాషల్లో నిప్పున్న చోట్లన్నీ వెతికాను. తెలుగులో పొయ్యి, కుంపటి, కమ్మరి కొలిమి, కుమ్మరి ఆవం. మన దగ్గర చూల్హా, సిగ్డీ, తందూర్, భట్టీ. దేని పని దానిది, దేని పేరు దానిది. కానీ ఇంటి గాలిని వెచ్చబరచడానికి మాత్రమే ఒక యంత్రం, దానికో పేరు మనకు ఎందుకుంటాయి? దక్కన్ చలి ఎప్పుడూ అంత జాలిమ్ కాదు. భట్టీ అంటే మనకు బిర్యానీ దేగ్ కింద, రంజాన్‌లో హలీమ్ కింద మండేది. మా మలక్‌పేట పక్కనే ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఫ్రెంచి జనరల్ రేమండ్ సమాధి ఉంది. నిజాం ఫౌజులో కొలువు చేసి 1798లో చనిపోయాడు. ఆయన్ని ముస్లింలు మూసా రహీం అని, హిందువులు మూసా రామ్ అని పిలుచుకున్నారని చెప్తారు, మూసారాంబాగ్ పేరు అట్లా వచ్చిందే. ఫిరంగులు పోతపోసిన తోప్ కా సాంచా, ఈరోజు గన్‌ఫౌండ్రీ అంటున్న చోటు, ఆయన పెట్టించింది. ఈ షహర్‌లో భట్టీ అంటే ఒకప్పుడు అది. పిల్లల్ని వెచ్చగా పడుకోబెట్టే భట్టీ ఉస్తాద్‌కు కొత్త.

కానీ కొత్తదనం రెండు నిమిషాలే. ఫోన్ తీసుకుని తన సవాళ్లు మొదలుపెట్టాడు.

"గ్యాస్ హై? ఏక్ చూల్హా జలా కే దేఖో మియా." మా బహనోయి ఒక బర్నర్ వెలిగించాడు. నీలం మంట నిటారుగా వచ్చింది. "బస్, బంద్ కరో." గ్యాస్ ఉంది, సిలిండర్ వాల్వ్ తెరిచే ఉంది. ఒక అనుమానం తీరింది.

"కిత్తీ సర్దీ హై?" అని అడిగాడు. ఎందుకంటే చలికి సిలిండర్ మందగిస్తుందని ఆయనకు తజుర్బా. మన ఇళ్లకు వచ్చే గ్యాస్‌లో ప్రొపేన్, బ్యూటేన్ రెండూ కలిసి ఉంటాయి. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరి కావడం మానేస్తుంది. అమెరికా బండ్లలో పోసేది ప్రొపేన్. అది మైనస్ 42 డిగ్రీల దాకా ఆవిరి అవుతూనే ఉంటుంది. కాబట్టి అక్కడి చలికి గ్యాస్ ఆగలేదు. పొయ్యి మంట కూడా ఆ మాటే చెప్పింది.

"బాహర్ భట్టీ కా ధువా కహా సే నికల్తా?" పొగ బయటికి పోయే చోటు చూడమన్నాడు. చెల్లె టార్చి పట్టుకుని మంచులోకి దిగింది. బండి పక్కన గుండ్రటి గొట్టం, దాని నోట్లో మంచు లేదు, పక్షి గూడు లేదు, కందిరీగల మట్టి లేదు. ఖుల్లా ఉంది.

"అబ్ చాలూ కరో. ఫోన్ జాలీ కనే పకడో, కోయీ బాత్ నై కర్నా." థర్మోస్టాట్ వేశారు. గాలి వచ్చే జాలీ దగ్గర ఫోన్ పెట్టారు. ఉస్తాద్ కళ్లు మూసుకున్నాడు. ఫ్యాన్ తిరుగుతోంది, ఊ... అని లాగుతున్నట్టు. చల్లగాలి. అర నిమిషం, నిమిషం. అంతే.

"టిక్ టిక్ సునాయీ దియా?"

"నై చాచా" అంది చెల్లె.

ఉస్తాద్ కళ్లు తెరిచాడు. "తో ఆగ్ తక్ బాత్ గయీచ్ నై. బీచ్ మే కోయీ దర్బాన్ ఖడా హై." అంటే మంట దాకా మాటే పోలేదు, మధ్యలో ఎవడో దర్బాన్ నిలబడి ఆపుతున్నాడు. గీజర్‌లో నీళ్ల జోరు చాలకపోతే రబ్బరు పొర దర్బాన్ పని చేస్తుంది. ఈ భట్టీలో నీళ్లు లేవు, గాలి ఉంది. కాబట్టి గాలి జోరు చాలకపోతే ఆపే దర్బాన్ ఎవడో ఉండి తీరాలి. గాలి లేకుండా మంట పెడితే అంతా కాలిపోతుంది, పొగ బయటికి పోదు. తయారు చేసినవాళ్లు బేవకూఫ్‌లు కారు కదా. ఇది ఆయన లెక్క. ఆ యంత్రాన్ని జన్మలో చూడలేదు, పేరు తెలియదు.

"ఫ్యాన్ థక్ గయా. బ్యాటరీ కిత్తా హై దేఖో."

గోడమీద బిళ్లలో 11.3 వోల్టులు చూపిస్తోంది. పన్నెండు వోల్టుల బ్యాటరీ నిండుగా ఉంటే పన్నెండున్నర దాటి ఉండాలి. సాయంత్రం నుంచి లైట్లన్నీ వెలుగుతున్నాయి, ఇన్వర్టర్ మీద టీవీలో కార్టూన్లు నడిచాయి, నాలుగు ఫోన్లు, రెండు ట్యాబ్‌లు చార్జింగ్‌లో ఉన్నాయి. పైగా చలికి బ్యాటరీ తాకత్ తగ్గుతుంది. ఆ నీరసం కరెంటుతో ఫ్యాన్ తిరుగుతోంది కానీ తిరగాల్సినంత జోరుగా తిరగడం లేదు. దర్బాన్ తలుపు తీయడం లేదు.

ఆ తర్వాత ఉస్తాద్ చెప్పింది చెప్పినట్టు చేశారు. థర్మోస్టాట్ బంద్. టీవీ, ఇన్వర్టర్, చార్జర్లు బంద్. ఒక్క లైటు తప్ప అన్నీ బంద్. పక్క బండివాళ్లకు ఒక మాట చెప్పి ఇంజన్ చాలూ చేశారు. ఇంజన్ పొగగొట్టం ఎటువైపు ఉందని అడిగి, అటువైపు కిటికీలు గట్టిగా మూయించాడు. గోడకున్న గ్యాస్ అలారం పనిచేస్తుందో లేదో బటన్ నొక్కి చూపించమన్నాడు. అది కీచుమని అరిచాక గానీ ముందుకు పోనివ్వలేదు. ఐదు నిమిషాల తర్వాత బిళ్లలో అంకె పదమూడు దాటింది. "అబ్ భట్టీ లగావ్."

ఫ్యాన్ గొంతు మారింది. నాకే తెలిసింది, ఆయనకు తెలియకుండా ఉంటుందా? కొన్ని సెకన్లు గాలి. ఆ తర్వాత టిక్, టిక్, టిక్. భప్ అని చిన్న చప్పుడు. ఫోన్లో భాంజీ గొంతు: "మమ్మా, గరమ్!"

దుకాణంలో పనిచేసే పిల్లవాడు చప్పట్లు కొట్టాడు. అల్‌హందులిల్లాహ్ అన్నాడు ఉస్తాద్. వెంటనే ఇంకో జాగ్రత్త చెప్పాడు: అరగంట ఇంజన్ నడపండి, తర్వాత ఆపేయండి, పిల్లలతో కలిసి ఒకే పడక మీద పడుకోండి, వేడి తక్కువలో పెట్టుకోండి, పొద్దున జనరేటర్‌కు ఇజాజత్ రాగానే బ్యాటరీ నింపుకోండి. వాళ్లకు తెల్లారేసరికి మాకు రాత్రి. చెల్లె ఫోటో పంపింది. ఎర్రటి కొండల మీద మంచు, ముందు ఇద్దరు పిల్లలు, టోపీల్లో నవ్వుతూ.

తర్వాత చదివితే తెలిసింది, ఆ దర్బాన్‌కు నిజంగానే ఒక పేరుంది. సెయిల్ స్విచ్ అంటారు. తెరచాప లాంటి చిన్న రేకు. ఫ్యాన్ గాలికి అది వంగితేనే కరెంటు ముందుకు పోతుంది. ఫ్యాన్ ఇంచుమించు ముప్పావు వంతు వేగం అందుకునే దాకా అది కదలదు. దాని మీద దుమ్ము, వెంట్రుకలు చుట్టుకున్నా ఇదే తక్‌లీఫ్. ఆ రేకు దాటాక బోర్డు నిప్పురవ్వ కొట్టి గ్యాస్ తెరుస్తుంది. మంట గవాహీ రాకపోతే మళ్లీ ప్రయత్నిస్తుంది, చాలా మోడళ్లలో మూడుసార్లు చూసి మూసేస్తుంది. అప్పుడు థర్మోస్టాట్ ఆపి మళ్లీ వేస్తే గానీ వినదు. మా గల్లీ గీజర్‌కు, సముద్రాల అవతలి భట్టీకి సిల్‌సిలా ఒకటే. ఉస్తాద్ గీజర్‌ను బట్టీ పట్టలేదు, దాని అఖల్‌ను అర్థం చేసుకున్నాడు. అందుకే చూడని యంత్రాన్ని ఎనిమిది వేల మైళ్లకు పైగా దూరం నుంచి చెవితో బాగుచేశాడు.

నా మనసులో నిలిచిపోయింది మాత్రం భట్టీ వెలగడం కాదు, పొయ్యి వెలగకపోవడం. మా బహనోయి లాంటి చదువుకున్న మనిషికి ఆ ఆలోచన ఎందుకొచ్చింది? చలి కళ్ల ముందు కనపడుతుంది, ఆ జహర్ కనపడదు. మంటకు చాలినంత గాలి దొరకనప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. సిలిండర్ గ్యాస్ లీకైతే మనకు తెలిసేది, తెలియడం కోసమే అందులో ఒక దుర్వాసన కలుపుతారు గనక. ఈ జహర్‌లో ఎవరూ ఏమీ కలపరు. అది ఖూన్‌లోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మనిషి ఊపిరి పీలుస్తూనే ఉంటాడు, ఆ ఊపిరి లోపలికి చేరదు. మొదట తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం, కాళ్లలో తాకత్ లేకపోవడం. నిద్రలో ఉన్నవాళ్లకు అదీ తెలియదు.

మన పెద్దలకు ఈ పేర్లు తెలియవు, ఎహతియాత్ మాత్రం తెలుసు. పడుకునే ముందు దీపం, నిప్పు ఆర్పేయమని హదీసుల్లో తాకీదు ఉంది. ఆ రోజు అమ్మీ చెల్లెకు గుర్తు చేసింది ఇదే. మన ఇళ్లలో జచ్చా, బచ్చాలను చిల్లా నలభై రోజులూ వెచ్చగా ఉంచడానికి గదిలో సిగ్డీ పెట్టేవాళ్లు. బొగ్గులు బయట వాకిట్లో రాజేసి, పొగంతా పోయి ఎర్రగా కణకణలాడాక గానీ లోపలికి తెచ్చేవాళ్లు కాదని, తలుపు రెక్క ఒకటి ఓరగా తెరిచే ఉంచేవాళ్లని అమ్మీ చెప్తుంది. నానీమా అయితే రాత్రి లేచి లేచి వచ్చి ఆ తలుపు చూసి పోయేదట. నీళ్ల కోసం రాగి హమామ్ ఉండేది, మధ్యలో బొగ్గుల గొట్టం, చుట్టూ నీళ్లు. అది ఉండేది సెహన్‌లో, ఆకాశం కింద. ఇప్పుడు సెహన్ లేదు. వంద గజాల్లో మూడు అంతస్తులు కట్టుకున్నాం. హమామ్ వెళ్లిపోయి గీజర్ వచ్చింది, వచ్చి నేరుగా బాత్రూమ్ లోపలికి చొరబడింది. బాత్రూమ్‌కు ఉన్న ఒక్క వెంటిలేటర్‌నూ చలి అని అట్టముక్కతో మూసేశాం.

ఉస్తాద్ గ్యాస్ గీజర్‌ను బాత్రూమ్ లోపల బిఠాయించడు. ఎంత ఇస్తామన్నా బిఠాయించడు. మూడు పోర్షన్లకు మూడు గీజర్ల బేరం ఆయన వదులుకోవడం నేను దుకాణంలో కూర్చుని చూశాను. ఇంటి మాలిక్ వాదించాడు: బయట పెడితే పైపు ఖర్చు, గోడకు కన్నం, చూడటానికి బాగుండదు, పక్క దుకాణంవాడు లోపలే పెడతానన్నాడు. ఉస్తాద్ నెమ్మదిగానే అన్నాడు, "ఉన్ లగాతా తో ఉన్‌సే లగాలేవ్ సాబ్. మేరే హాథ్ సే నై హోతా." ఆ రోజు ఆయనకు పోయింది రెండు రోజుల కూలీ. అది చిన్న మాట కాదు, నెల కిరాయి కట్టుకునే దుకాణంవాడికి. వాళ్లు పక్కవాడి దగ్గరికే పోయారు. గోడకు కన్నం పడకుండా పని పూర్తయింది. ఆ పోర్షన్లలో కిరాయికి ఉండేవాళ్లకు ఈ బేరం సంగతే తెలియదు. మనలో చాలామంది అట్లాంటి బాత్రూముల్లోనే రోజూ స్నానం చేస్తున్నాం. ఆ ఇంటి మాలిక్ జాలిమ్ కాదు, మంచివాడే. లాపర్వాయి చేసేది చాలావరకు మంచివాళ్లే.

అందుకే ఈ నాలుగు మాటలు. ఇవి ఉస్తాద్‌వి, రాత మాత్రం నాది.

గ్యాస్ గీజర్ బాత్రూమ్ బయట ఉండాలి. బాల్కనీలోనో, డక్ట్ వైపో, గాలి ఆడే వరండాలోనో. వేడినీళ్ల పైపు ఒక్కటే లోపలికి రావాలి. కిరాయి ఇల్లయితే మాలిక్‌ను అడగండి. అడగడం బద్‌తమీజీ కాదు, మీ హక్కు.

ఇవాళే బయటికి మార్చడం కుదరకపోతే, మార్చేదాకా తలుపు తెరిచి బకెట్లు నింపుకోండి, గీజర్ ఆపండి, సిలిండర్ బంద్ చేయండి, కాసేపు ఆగి తర్వాత తలుపేసుకుని స్నానం చేయండి. గీజర్ మండుతుండగా తలుపు వేసుకోవద్దు. ఒకరి తర్వాత ఒకరు వరసగా స్నానాలు చేసే జుమా రోజు, ఈద్ రోజు మరీ హుషార్.

మంట నీలంగా ఉండాలి. పచ్చగా వణుకుతున్నా, గీజర్ నెత్తిన మసి కనపడుతున్నా వాడకం ఆపి చూపించండి.

గీజర్ వెలగకపోతే కొత్తది కొనే ముందు మూడు చూడండి. మోటా సెల్లులు మార్చండి. జాలీలో సున్నం ఉందేమో తీయించండి. నల్లా కింద బకెట్ పెట్టి ధార ఎంత జోరుగా ఉందో చూడండి. టిక్ టిక్ రాకపోతే సెల్లులో, నీళ్ల జోరులో లోపం. టిక్ టిక్ వచ్చి వెలగకపోతే గ్యాస్ వైపు చూడాలి, ఆ పని తెలిసినవాళ్లకే వదిలేయండి. గ్యాస్ వాసన వస్తుంటే మాత్రం అగ్గిపుల్ల, స్విచ్చి ఏదీ ముట్టుకోవద్దు. ఈ గ్యాస్ గాలికన్నా బరువు, నేలమీదే పేరుకుంటుంది. తలుపులు తెరిచి, సిలిండర్ మూసి బయటికి రండి.

బాత్రూమ్‌లో ఎవరైనా ఎక్కువసేపు ఉండి పలకకపోతే ఆగవద్దు, తలుపు విరగ్గొట్టండి. తలుపు తెరవగానే గ్యాస్ బంద్ చేసి, మనిషిని బయటి గాలిలోకి తెచ్చి, అంబులెన్స్ కోసం 108కి ఫోన్ చేయండి. డాక్టర్‌తో గ్యాస్ గీజర్ సంగతి తప్పకుండా చెప్పండి. గుండెపోటో, మిర్గీయో అనుకుని టైం పోనివ్వకండి. ఆ మనిషికి ముందు కావాల్సింది ఆక్సిజన్.

ఇంట్లో బుజుర్గులు ఉంటే వాళ్లతో ఇంకో మాట చెప్పండి. చల్లనీళ్లతో సెహత్ చెడిపోయే ఖతరా ఉండి, నీళ్లు కాచుకునే వసతి లేకపోతే తయమ్ముమ్‌కు దీన్‌లో ఇజాజత్ ఉంది. మూసిన గదిలో సిగ్డీ పెట్టుకుని వుజూ నీళ్లు కాచుకోమని ఎవరూ అడగలేదు. తెలియని మస్‌లా ఉంటే మీ మస్జిద్ ఇమామ్ సాబ్‌ను అడగండి.

ఇది చదివిన తర్వాత ఫార్వర్డ్ చేయకపోయినా పర్వాలేదు. ఈ రాత్రి ఇషా చదువుకుని వచ్చాక మీ బాత్రూమ్‌లో ఒకసారి తల పైకెత్తి చూడండి. వెంటిలేటర్‌కు అడ్డంగా పెట్టిన అట్టముక్క ఇంకా ఉంటే, రేపటిదాకా ఆగకుండా తీసేయండి.